కారిపోయిన గాలి: సొంత విమానాల టైర్ల చరిత్రకు ఒక సవరణ

సొంత చేతులతో విమానం కట్టుకునేవారి చరిత్రలో రెక్కలకూ ఇంజన్లకూ దక్కిన చోటు టైర్లకు దక్కలేదు. దొరికే కొద్దిపాటి ప్రస్తావనలన్నీ ఒకే కథ చెబుతాయి. మొదట సైకిలు చక్రాలుండేవి, పచ్చిక మైదానాల్లో ముళ్ళూ మేకులూ గుచ్చుకునేవి, రబ్బరు మెరుగైంది, చివరికి రాళ్ళమీద కూడా దిగగల భారీ టైర్లొచ్చాయి. ఈ కథలో శత్రువు ఎప్పుడూ నేలమీదే ఉంటాడు. టైర్ల పనితీరును, విమానాల నిర్మాణంలో వచ్చిన మార్పులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథ సగానికి మించి నిలవదు. ఇలాంటి విమానాల చక్రాలను దెబ్బతీసినవి ముఖ్యంగా రెండు: ఎవరూ చూడకుండా కారిపోయిన గాలి, బిగింపులో జరిగిన పొరపాటు. ఆ రెండూ ముదిరింది 1970, 80 దశకాల్లో.

తొలి దశ అందరికీ తెలిసిందే. 1903లో రైట్ సోదరుల యంత్రానికి చక్రాలే లేవు. పట్టామీంచి లేచి, స్కిడ్ల మీద దిగింది. శాంటోస్-డ్యూమాంట్ ‘డెమాజెల్’కు సైకిలు తరహా చక్రాలుండేవి. దాని నమూనాలను 1910లో ‘పాప్యులర్ మెకానిక్స్’ ప్రచురించడంతో ఇంట్లో విమానం కట్టుకోవడం సామాన్యుడి ఊహకు అందింది. మిన్నెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజనుతో ‘ఎయిర్ క్యాంపర్’ను ఎగరేశాడు. 1929 ప్రాంతంలో ఆల్విన్ మసెల్‌మన్ రూపొందించిన లావుపాటి, తక్కువ ఒత్తిడి ‘ఎయిర్‌వీల్’ గుడ్‌ఇయర్ చేతికొచ్చింది. ఆ వంశానికి చెందిన 8.00-4 టైర్లే పైపర్ కబ్‌ను మోశాయి. 1953లో పాల్ పొబెరెజ్నీ ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ స్థాపించే నాటికి నిర్మాతలకు ఈ రకం టైర్లు బాగా పరిచితం. వాటికి ఒక గుణం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అవి బయటికి కనిపించేవి. గాలి తగ్గితే ఎక్కబోయే మనిషికి దూరం నుంచే తెలిసేది.

ఈ చరిత్ర పలచబడటానికి ఒక కారణం అధికారిక రికార్డులోనే ఉంది. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి నిబంధనల్లో ‘గణనీయమైన నష్టం’ అనే మాటకు ఒక నిర్వచనం ఇచ్చారు. చక్రాలకు, టైర్లకు, బ్రేకులకు కలిగే నష్టం అందులోకి రాదు. అంటే టైరు పోయి, విమానం రన్‌వే మీద ఆగిపోయి, నలుగురు కలిసి దాన్ని పక్కకు తోసిన సంఘటన అంతటితో ముగిస్తే ప్రమాదాల లెక్కలోకి ఎక్కదు. విమానం తిరగబడితేనో రెక్క విరిగితేనో ఎక్కుతుంది. లెక్కకు ఎక్కినవాటినే చూసినవారికి టైరు ఒక చిన్న విషయంగా కనిపించడంలో వింతేమీ లేదు.

ఇక వివాదాస్పదమైన కాలానికి వద్దాం. 1975లో బర్ట్ రుటాన్ ‘వేరీఈజ్’ను ఎగరేశాడు, కొద్ది ఏళ్ళకు ‘లాంగ్-ఈజ్’ వచ్చింది. అదే దశాబ్దంలో రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ ఆర్‌వీ శ్రేణి మొదలైంది. సొంత విమానాలకు వేగం తెచ్చిపెట్టిన యుగంగా దీన్ని కీర్తిస్తారు, ఆ కీర్తి న్యాయమైనదే. అయితే చక్రం దగ్గర ఒకేసారి మూడు మార్పులు జరిగాయి.

మొదటిది, టైరు చిన్నదైంది. చిన్న టైరులో గాలి తక్కువ, కాబట్టి కొంచెం కారినా ఒత్తిడి తొందరగా పడిపోతుంది. పైగా నేల తాకిన క్షణంలో పెద్ద చక్రం కంటే ఎక్కువ వేగంగా తిరగాలి. రెండోది, ముందు చక్రం స్వేచ్ఛగా తిరిగేదైంది. లాంగ్-ఈజ్‌లోనూ, తర్వాత ముక్కు చక్రమున్న ఆర్‌వీల్లోనూ నేలమీద మలుపు తిప్పడానికి కుడి ఎడమ బ్రేకులే ఆధారం. స్టీరింగు చేయవలసిన పని బ్రేకు మీద పడింది; వేడీ మెలితిప్పే బలమూ నేరుగా చక్రానికి చేరాయి. మూడోది, గాలి నిరోధం తగ్గించే తొడుగు. చక్రాన్ని కప్పే ఈ తొడుగులు వేగం పెంచాయి, టైరును కంటికి కనపడకుండా చేశాయి.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చూడండి. టైరు అంచు రిమ్మును పట్టుకుని ఉండేది లోపలి ఒత్తిడి వల్లే. ఒత్తిడి తగ్గితే బ్రేకు వేసినప్పుడో, నేల తాకినప్పుడో టైరు రిమ్ము మీద జారుతుంది. దానితోపాటు ట్యూబూ తిరుగుతుంది. కానీ వాల్వు రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, దాని మొదలు తెగిపోతుంది. విప్పి చూస్తే ముల్లూ ఉండదు, మేకూ ఉండదు. టైరుకూ రిమ్ముకూ కలిపి ఒక రంగు గీత పెట్టుకునే పాత అలవాటు ఇందుకే పుట్టింది. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే టైరు జారినట్టే. తొడుగు కింద ఆ గీత ఎవరికీ కనపడదు.

గాలి కారడానికి చిల్లు పడనక్కరలేదు. సహజ రబ్బరు ట్యూబు గాలిని నెమ్మదిగా వదులుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత పడిపోయినా ఒత్తిడి తగ్గుతుంది. 35 డిగ్రీల వేడిలో 30 పౌండ్లు కొట్టిన టైరు 5 డిగ్రీల చలికి వచ్చేసరికి ఏ లోపమూ లేకుండానే 4 పౌండ్లకు పైగా పోగొట్టుకుంటుంది. వారాంతాల్లో మాత్రమే ఎగిరే విమానానికి రెండు నెలల నిర్లక్ష్యం చాలు.

ముళ్ళ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. అమెరికా పశ్చిమ ప్రాంతపు ఎండు మైదానాల్లో పైలట్లను పీడించే గోట్‌హెడ్ మన పొలం గట్ల మీది పల్లేరే. దాన్ని అణచడానికి 1961లో రెండు రకాల ముక్కుపురుగులను అక్కడ వదిలారు. అవి ఇండియా, ఇటలీ, ఫ్రాన్స్‌లకు చెందినవి. ఆ ప్రాంతంలో పల్లేరు నిజమైన బెడద. కానీ ఒక ప్రాంతపు బెడదను మొత్తం చరిత్రకు కారణం చేయడం సరికాదు. ఆర్‌వీ ముక్కు చక్రాల ఉదంతంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. విమానాలు బోల్తాపడిన ఘటనల తర్వాత 2007లో ఆర్‌వీ కంపెనీ ముందు కాలుకూ ఫోర్కుకూ మార్పులు సూచించింది. ముందు టైరులో గాలి తగ్గితే ఫోర్కు నేలకు దగ్గరవుతుందనేది నిజం. అయితే కాలు వంగే తీరుకూ గరుకు నేలకూ అందులో భాగముంది. తప్పంతా టైరు మీద వేయలేం.

రెండో దోషం బిగింపుది. చిన్న విమానాల రిమ్ము సాధారణంగా రెండు ముక్కలుగా ఉండి బోల్టులతో కలుస్తుంది. ఆ ముక్కల మధ్య ట్యూబు నలిగితే కొన్ని ల్యాండింగుల తర్వాత బయటపడుతుంది. ట్యూబుకు టాల్కం పౌడరు పూసి, కొంచెం గాలి నింపి సర్దుకోనిచ్చి, బరువు గుర్తులు చూసుకుని, బోల్టులను చక్రం మీద రాసిన బిగింపు మేరకే బిగించాలి. విప్పేటప్పుడు గాలి పూర్తిగా తీయకుండా బోల్టు ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. కారు టైరు మార్చిన అనుభవం ఇక్కడ పనికిరాదు. చాలామంది నిర్మాతలు ఈ పని మొదటిసారి నేర్చుకునేది తమ సొంత విమానం మీదే.

నివారణలో అసలు మలుపు తెచ్చినవి రెండు చిన్న విషయాలు. ఒకటి బ్యూటైల్ రబ్బరు ట్యూబు. మిషెలిన్ ‘ఎయిర్‌స్టాప్’ వంటివి సహజ రబ్బరు కంటే గాలిని చాలా నెమ్మదిగా వదులుతాయి. రెండోది చక్రాల తొడుగులో నిర్మాతలు చేసుకున్న చిన్న రంధ్రం. విమానాన్ని కొంచెం ముందుకు తోసి వాల్వును ఆ రంధ్రానికి ఎదురుగా తెచ్చుకుంటే, తొడుగు విప్పకుండానే గాలి చూసి నింపవచ్చు. కష్టమైన తనిఖీని మనిషి వాయిదా వేస్తాడు, సులువైనదాన్ని చేస్తాడు. ఏ చరిత్రలోనూ పేరు దక్కని ఈ రంధ్రం భారీ టైర్ల కంటే ఎక్కువ చక్రాలను కాపాడిందని నేను నమ్ముతున్నాను.

నేటి పరిస్థితి మీద నాకు అభ్యంతరాలున్నాయి. 31, 35 అంగుళాల ‘బుష్‌వీల్’ టైర్లు అలాస్కా నదుల ఒడ్డున అవసరమే. తారు రన్‌వేకే పరిమితమైన విమానానికి అవి బరువూ ఖర్చూ మాత్రమే. ట్యూబులో పోసే సీలెంట్ ద్రవం పల్లేరు చిల్లును మూస్తుంది, కానీ నిలిపి ఉంచిన చక్రంలో అడుగుకు చేరి సమతూకం చెడగొడుతుంది. టైర్లలో గాలికి బదులు నైట్రోజన్ వాడకం 1986లో 167 మందిని బలిగొన్న మెక్సికానా విమాన ప్రమాదం తర్వాత పెద్ద విమానాలకు న్యాయంగానే తప్పనిసరైంది. చిన్న చక్రానికి దానివల్ల ఒరిగేది స్వల్పం. బెరింగర్ వంటి సంస్థల ట్యూబులేని చక్రాలు మేలైన దారి, తెగిపోవడానికి ట్యూబు వాల్వే లేదు కాబట్టి. ఒత్తిడి చెప్పే సెన్సార్లూ మంచివే. అయితే రెండూ ఖరీదైనవి, రెండూ చేతిలో గేజు పట్టుకునే అలవాటుకు ప్రత్యామ్నాయం కావు.

గాలి పోయిన చక్రంతో దిగేటప్పుడు ఆ వైపు బరువు పడకుండా వీలైనంతసేపు ఐలెరాన్‌తో ఆపి, రెండో వైపు బ్రేకుతో దారి నిలుపుకోవాలని పైలట్లకు నేర్పిస్తారు. నేర్పవలసిందే. కానీ ఆ నేర్పు పొరపాటు జరిగిపోయిన తర్వాతి పాఠం. దానికి ముందు పాఠం నిర్మాణ నమూనాలోనే మొదలవ్వాలి: తొడుగు గీసే చేతితోనే వాల్వుకు దారి కూడా గీయాలి. వేగం కోసం కనపడకుండా చేసిన భాగాన్ని చూసుకునే మార్గం ఇవ్వడం నమూనా రాసేవాడి బాధ్యత. ఆ బాధ్యతను ఇప్పటికీ కొనుక్కున్నవాడి జాగ్రత్తకే వదిలేయడం ఈ రంగానికి మిగిలిన లోటు.