పొగగొట్టం నీడలో నాలుగు సెంట్లు

ఆ కొబ్బరి మట్ట మంటలోకి తోసి ఇటు కూర్చో నాన్నా. ధనుర్మాసపు చలి, పైగా కాలవ గాలి. ఫోన్లో బొమ్మలు తర్వాత చూపిద్దువుగాని, ఈ వెలుతుర్లో నాకేం కనపడవు. బ్రోకరు ఏమన్నాడో అది చెప్పు. పాత రైసు మిల్లు స్థలంలో ఫ్లాటు, ఊరి నడిబొడ్డు, స్టేషనుకి నడిచిపోవచ్చు. అంతేనా? నడిచిపోవచ్చు మరి! స్టేషను దగ్గరనే కదా మిల్లు అక్కడ పెట్టింది.

1855 నాటికి బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట లేచింది. దుగ్గిరాల మీదుగా కాలవలొచ్చాయి. మూడు కాలవలు మన తెనాలిలోంచే పోతాయి, అందుకే దీన్ని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. మద్రాసు రైలు ముందే ఉంది. 1916లో గుంటూరు నుంచి మన మీదుగా రేపల్లె దాకా ఇంకో లైను పడింది. ధాన్యం పడవల్లో రావడం, బియ్యం రైలెక్కి పోవడం. కాలవకీ పట్టాలకీ మధ్య నేల దొరికితే చాలు, ఎవరో ఒకరు మిల్లు కట్టేవాళ్ళు.

నేను పుట్టింది 1942లో. ఆ ఆగస్టు 12నే మన స్టేషను దగ్గర కాల్పులు జరిగి ఏడుగురు పోయారు. రణరంగం చౌక్‌లో స్తూపాలు వాళ్ళవే. మా అమ్మ నన్ను చంకనేసుకుని తలుపులు బిడాయించుకుని కూర్చుందట. ఇదంతా ఎందుకంటే, నా చిన్నప్పటి నుంచీ ఆ పట్టాల పక్క నేలే నాకు ఊరు. చదువు అబ్బకపోయినా చేతిరాత బాగుందని మిల్లులో గుమస్తాగా పెట్టుకున్నారు. మిల్లు పేరు చెప్పను. వాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు.

తెల్లారుజామున కూత కూసేది. ఊళ్ళో సగం మంది ఆ కూతకే లేచేవాళ్ళు. ఇంజను తిరిగేది ఆవిరితో, ఆవిరి పుట్టేది ఊకతో. ధాన్యం నుంచి వచ్చిన ఊకే ధాన్యాన్ని ఆడించేది, చూశావా! కానీ ఆ ఊక కాలితే నల్లటి నుసి. వేసంకాలం డాబా మీద పడుకుంటే పొద్దున్న దిండు మీద తల ఆనిన చోటు తెల్లగా, మిగతాదంతా నల్లగా ఉండేది. మీ నాయనమ్మ తెల్లచీర ఆరేసిందంటే కర్ర పట్టుకుని కాపలా కాసేది, గాలి ఎటు తిరిగిందో చూసుకుంటూ. చప్టా మీద ధాన్యం ఆరబోసి ఆడవాళ్ళు వరసగా కాళ్ళు ఈడుస్తూ నడిచేవాళ్ళు. పాదం వెనక సాలు పడేది, కింది గింజ పైకొచ్చేది. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ చప్టా మీద మనం ఒక్క క్షణం నిలబడలేం. వాళ్ళు పొద్దుగూకేదాకా నడిచేవాళ్ళు. జట్టు కూలీలు డెబ్భై అయిదు కేజీల బస్తాకి కొక్కెం తగిలించి వీపు మీదికి తిప్పుకుంటే, బల్ల మీద పరుగే. ఆ బల్ల ఊగేదయ్యా. నాకు ఖాళీ చేతుల్తో ఎక్కాలన్నా భయమే.

అలాంటి చోట ఇల్లెవడు కొంటాడు? డాక్టర్లూ ప్లీడర్లూ బోసు రోడ్డూ కొత్తపేటా చూసుకునేవాళ్ళు. మిల్లు వెనకాల స్థలమంటే పిల్లనివ్వడానికి కూడా ఆలోచించేవాళ్ళు. అందుకే నాబోటి గుమస్తాకి నాలుగు సెంట్లు దొరికింది, నా ఏడాది జీతం కంటే తక్కువలో. ఇప్పుడు మనం చలి కాచుకుంటున్న ఈ దొడ్డి అదే.

మిల్లులెందుకు పోయాయని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు. 1977 ఉప్పెన అంటారు కొందరు. నవంబరు 19. దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది, ఇటు రేపల్లె, నిజాంపట్నం వైపూ దెబ్బే. మా మిల్లు రేకు పొగగొట్టం మెడ వంచేసింది. గోడౌను తలుపులు తీసి జనాన్ని పడుకోబెట్టాం. తడిసిన ధాన్యం మొలకెత్తితే వచ్చే కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కానీ ఉప్పెన తర్వాతా మిల్లు ఆడింది. నన్నడిగితే మిల్లుని మింగింది బాపట్ల అంటాను. నవ్వకు. అక్కడ వ్యవసాయ కాలేజీ 1945 నుంచీ ఉంది, వరి మీద పరిశోధన కూడా ఆ ఊళ్ళో జరిగేది. 1986లో బీపీటీ 5204 బయటికొచ్చింది. సాంబ మసూరి, ఇవాళ నీ కంచంలో ఉన్నది అదే. సన్నగింజ. మా పాత హల్లరులో పోస్తే నూక ఎక్కువ పడేది. కొనేవాడేమో గింజ విరక్కూడదంటాడు. రబ్బరు రోలర్ల మిషన్లు కావాలి, పాలిషు కావాలి, రాను రాను రంగు గింజలేరే మిషన్లు కూడా వచ్చాయి. అవి పెట్టడానికి జాగా ఎక్కడ, పెద్ద లారీ తిరిగే మలుపెక్కడ? డబ్బున్నవాళ్ళు ఊరి బయట రోడ్డు పక్కకి పోయారు. లేనివాళ్ళు ప్రభుత్వానికి లేవీ బియ్యం పోసుకుంటూ నెట్టుకొచ్చారు. 2015లో లేవీ కూడా ఎత్తేశారు. మినపప్పు మిల్లులవాళ్ళ దారి వేరులే. డబుల్ హార్సు మినపగుళ్ళ సంచి మీద తెనాలి పేరు హైదరాబాదులో నీ భార్య చూసే ఉంటుంది.

లేవీ పోయే వేళకే రాజధాని మాట వచ్చింది. 2014లో బెజవాడ దగ్గరే అన్నారు, మర్నాటి నుంచీ మూసిన మిల్లు గేటు ముందు కార్లు. 2019 చివర మూడు రాజధానులన్నారు, కార్లు మాయం. 2024లో మళ్ళీ వచ్చాయి. ఇటుక కదల్లేదు, కాలవ కదల్లేదు, ధర మాత్రం ఎన్నికలకోసారి లేచి కూర్చుంటోంది. కాబట్టి ధర గురించి నన్నడక్కు. కాయితాల గురించి అడుగు, చిట్టాలు రాసినవాణ్ణి.

మిల్లు ఒక్కడిది కాదు. పదహారణాల్లో ఒకరిది నాలుగణాలు, ఒకరిది అణా, ఒకావిడది అర్ధణా. పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళిచ్చిన వాటా అది. వాళ్ళు పోయారు, పిల్లలు పుట్టారు, ఆ పిల్లల్లో కొందరు అమెరికాలో ఉన్నారు. బిల్డరు దగ్గరున్న అగ్రిమెంటు మీద ఎన్ని సంతకాలున్నాయో లెక్కపెట్టు. అర్ధణా ఆవిడ మనవరాలి సంతకం ఉందా అని చూడు. ఎన్‌కంబరెన్సు కాయితం, ఈసీ, ఆన్‌లైన్లో తీశానంటావు. అందులో కనిపించేది 1983 నుంచే. మిల్లు అంతకు చాలా ముందుది. పాతవి రిజిస్ట్రారాఫీసులో పుస్తకాలు తిరగేయించాలి. ఇంకోటి. షావుకార్లు దస్తావేజులు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చేవాళ్ళు. ఊరికే కాయితాలప్పగిస్తే చాలు, తనఖా కిందే లెక్క. రిజిస్ట్రీ చెయ్యకపోతే ఈసీలో కనపడదు. అందుకని లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు కాదు, అసలువి కళ్ళారా చూడాలి. అసలువి లేవు, పోయాయి అన్నాడా, మంచినీళ్ళు తాగి లేచి వచ్చెయ్యి.

రెరా నంబరు అడుగు. ఎనిమిది ఫ్లాట్లు దాటితే ఉండాల్సిందే. నీ వాటాకి నేల ఎన్ని గజాలు రాస్తున్నాడో అడుగు. సెంటంటే నలభై ఎనిమిది గజాల చిల్లర. పైన గాల్లో ఎంత పెద్ద హాలున్నా, బిల్డింగు పాతబడ్డాక మిగిలేది కింద రాసిన గజాలే. కాలవ వైపు గోడ ఎక్కడ కట్టాడో కూడా కనుక్కో. అటు పడవల రేవుండేది. గట్టు కాలవల శాఖది, మిల్లుది కాదు. నేను చేరకముందే గట్టు కొంత మిల్లు దొడ్లో కలిసిపోయింది. అది నిషేధిత జాబితాలో ఉందేమో సర్వే నంబరు పట్టుకుని చూడాలి.

ఇక నేల. ఇది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. ఊళ్ళో అపార్టుమెంటన్నవాడు పైల్సు దింపాల్సిందే. మిల్లు స్థలంలో దానికి తోడు ఇంకో చిక్కుంది. కాలిన ఊక బూడిద ఎక్కడ పోశామనుకుంటున్నావ్? తూర్పు మూల చెరువంత గుంట ఉండేది. ఏళ్ళ తరబడి అందులోనే కుమ్మరించాం. పైన మట్టి పరిచారు, గడ్డి మొలిచింది, ఇప్పుడు చూస్తే చదునుగా ముద్దొస్తుంది. ఇలాంటి గుంట మీదే ఇంకోచోట ఒకాయన ప్రహరీ కట్టాడు. మొదటి వానాకాలానికే గోడ నడుం జారింది. నీకు చూపిస్తున్న ఫ్లాటు ఏ మూలనో నాకు చెప్పు, గుంట ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో నేను చెప్తా.

మీ అత్త రేపల్లెలో కొనమంటోంది కదూ. అక్కడా స్టేషను చుట్టూ మిల్లులే, చౌక కూడా. కానీ బోరు వేస్తే ఉప్పునీళ్ళు. కాలవ కట్టేసిన ఎండాకాలంలో ఆవిడ ట్యాంకరు కోసం ఎన్ని ఫోన్లు చేస్తుందో నీకు చెప్పదు. బాపట్ల ఇసక నేల, పునాదికి ఇంత బెంగ లేదు. 2022లో జిల్లా అయ్యాక ఆఫీసులొచ్చాయి, అద్దెలు లేచాయి. అద్దె కోసమైతే బాపట్ల చూడు. ఉండడానికైతే ఇదే మంచిదంటాను. నాకు పక్షపాతం ఉందనుకో, ఉండనీ.

ఒక్కటి మిగిలింది. మిల్లు గేటు పక్కన వరస గదులున్నాయి, జట్టు కూలీలవి. షావుకారు ఉండమంటే ఉన్నారు, రాత లేదు కోత లేదు. మిల్లు మూతపడ్డాక ఎవరూ లేపలేదు, వాళ్ళూ పోలేదు. చప్టా మీద నడిచిన ముసలామె ఒకతె ఇంకా అక్కడే ఉంది. మొన్న మందుల షాపు దగ్గర కనపడి, "గుమస్తాగారూ, మాకేమన్నా ఇస్తారంటారా" అనడిగింది. నేనేం చెప్పను? నువ్వు కొనబోయే చోటికి ప్లానులో ముప్పై అడుగుల దారి గీశాడన్నావు. ఆ గేటుకి రెండో పక్క కాలవ. ముప్పై అడుగులు రావాలంటే ఆ గదుల మీదుగానే రావాలి. వాళ్ళతో ఏం ఒప్పుకున్నాడో కాయితం మీద చూపించమను. ఆదివారం నువ్వే వెళ్ళి కొలుచుకో, ఆవిణ్ణి కూడా ఓ మాట అడుగు. టేపు నా ట్రంకుపెట్టెలో ఉంది, యాభై అడుగులది.