ఉరైయూరు సురుట్టు, గోదావరి లంకాకు, ఒక క్యూబా పెట్టె

మా ఇంట్లో 1961 తరవాత ఎవరూ చుట్ట వెలిగించలేదు. 2019లో మా చిన్నాయన కొడుకు స్పెయిన్ నుంచి వస్తూ ఒక చెక్కపెట్టె తెచ్చాడు. అందులో పాతిక క్యూబా సిగార్లు. తిరుచ్చి ఎండల్లో వాటిని ఎక్కడ పెట్టాలో మా పదిమందిలో ఒక్కరికీ తెలీలేదు. బీరువాలోనా, ఫ్రిజ్‌లోనా అని వాదులాడుకుంటుంటే మంచం మీంచి మా అవ్వ అంది: "ఈ ఇంట్లో పొగాకు దాచడం మీకు తెలీకపోవడం ఏమిరా!"

నిజమే. 1928లో పొన్మలైలో సౌత్ ఇండియన్ రైల్వే వర్క్‌షాపు తెరిచినప్పుడు మా ముత్తాత గోదావరి జిల్లా నుంచి గుమాస్తాగా ఇక్కడికి వచ్చాడు. సామానుతో పాటు ఒక గోనెలో లంకాకు కూడా వచ్చింది. ఆ తరవాత ముప్పై ఏళ్లు ఏటా రైలు పార్సిల్లో అది వస్తూనే ఉంది.

మా అనుభవం ముందు చెప్పేస్తాం, నవ్వుకోండి. పెట్టె వచ్చిన సాయంత్రమే మిద్దె మీద ఇద్దరం రెండు వెలిగించాం. క్యూబా సిగారుకి ఒక కొన మూసి ఉంటుంది, కోసుకోవాలి. మేము మరీ కిందికి కోసేశాం. పై ఆకు విచ్చుకుపోయింది. సిగరెట్టు పీల్చినట్టు గబగబా లాగాం. నిమిషానికి ఒక్క దమ్ము చాలనీ, పొగ నోట్లోనే ఉంచి వదలాలనీ తరవాత తెలిసింది. సిగారు వేడెక్కి చేదయింది, ఇద్దరికీ తల తిరిగింది, ఒకరికి వాంతి. అమ్మోనియా ఘాటు ముక్కులో రాత్రంతా ఉంది. అవ్వ విని, "కొత్తాకు అంతే. అత్త అయితే రెండు వానలు దాటనిదే ముట్టనిచ్చేది కాదు" అంది. అత్త అంటే మా ముత్తవ్వ.

పొగాకు మన దేశపు మొక్క కాదు. 1492లో కొలంబస్ మనుషులిద్దరు క్యూబాలో అక్కడివాళ్లు ఆకు చుట్టి పొగ తాగడం చూశారు. పోర్చుగీసుల ఓడల్లో అది ఇటు వచ్చింది. 1600 దాటిన కొద్ది ఏళ్లకి అసద్ బేగ్ అనే అధికారి అక్బరు దర్బారుకి పొగాకు పట్టుకెళ్లాడు. అతనికి అది దొరికింది బీజాపూరులో. అంటే ఉత్తరాది దర్బారు వింతగా చూసేనాటికే దక్కనులో అది ఉంది. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం తీరాల్లో తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఇంకో మాట రాశాడు. ఇక్కడి పేదవాళ్లు, జెంటూలు మొదలైనవాళ్లు, హుక్కా గొట్టం ఏమీ లేకుండా ఉత్త ఆకునే చుట్టి, ఒక కొన వెలిగించి, రెండో కొన పెదాల మధ్య పెట్టుకుంటారని. అది అతనికి మోటుగా కనిపించింది, కానీ అసలు పద్ధతి ఇదేనేమో అనీ అన్నాడు. జెంటూలు అంటే ఇంకెవరో కాదు, ఆ రోజుల్లో తెల్లవాళ్లు తెలుగువాళ్లకి పెట్టిన పేరు! పోర్చుగీసులు దాన్ని చెరూట అంటారని కూడా అతనే రాశాడు. అది మన పక్కింటి తమిళుల సురుట్టే. ఇంగ్లీషులో చెరూట్ అయింది. మన చుట్టకి ఆ యోగం పట్టలేదు.

కానీ లంకకి పట్టింది. గోదావరి నది మధ్య ఇసుక దిబ్బలు లంకలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి కాలవలొచ్చాయి గానీ, లంకలు నదిలోనే ఉండేవి కదా, వాటికి ఏటా వరద తెచ్చే ఒండ్రే ఎరువు. వరద తీశాక నారు నాటేవాళ్లు. మొక్క ఎదిగాక తల తుంచి, పిలకలు గిల్లేస్తే బలమంతా ఉన్న కాసిని ఆకులకే పోయి అవి దళసరి అవుతాయి. కోసిన ఆకు పందిళ్ల మీద ఎండుతుంది. ఎండిన ఆకుని పగలు ముట్టుకుంటే పొడి అవుతుంది. అందుకని తెల్లవారుజామున మంచుకి మెత్తబడ్డప్పుడే దించాలి. తరవాత మండె కట్టడం. గుట్టగా పేర్చి బరువు పెడితే లోపల ఆకు దానంతటదే వేడెక్కుతుంది. మరీ కాగకుండా విప్పి, పైది కిందికి, కిందిది పైకి తిప్పి మళ్లీ కడతారు. పచ్చి వాసన పోయేదీ, రంగు ముదిరేదీ ఇక్కడే.

ఈ ఆకు కాకినాడ రేవు నుంచి బర్మాకి పోయి అక్కడ చుట్టలయ్యేది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో లంక అనే మాటకి చోటు దొరికింది, గోదావరి దీవుల ఆకుతో చేసే ఘాటు చుట్ట అని. షెర్లాక్ హోమ్స్ కథలు చదివినవాళ్లకి గుర్తుండాలి. 1887 నాటి 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్'లో అతను బూడిద చూసి ఇది ట్రిచినోపలీ చుట్టదని తేల్చేస్తాడు. 1890 నాటి 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో లంక చుట్ట పేరెత్తుతాడు. మా పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఒకే డిటెక్టివ్ నోట్లో! మా ముత్తాతకి ఈ సంగతి తెలిస్తే ఆఫీసంతా చెప్పుకునేవాడు.

తిరుచ్చి సురుట్టు ఉరైయూరు ఇళ్లల్లో చుట్టేవాళ్లు, ఆకు ఎక్కువగా దిండిగల్ వైపుది. రెండు కొనలూ తెరిచే ఉంటాయి, కోయాల్సిన పని లేదు. మా లంకాకుని ముత్తాత ఉరైయూరు మనిషి చేతికిచ్చి చుట్టించుకునేవాడు. ఆకు గోదావరిది, చెయ్యి కావేరిది. క్యూబాలో ఈ పని పెద్ద శాలల్లో సాగింది. పినార్ దెల్ రియో రాష్ట్రంలోని వుయెల్టా అబాహో వాళ్ల లంక అనుకోండి. 1865 నుంచి హవానా శాలల్లో చుట్టేవాళ్లకి ఒకడు గట్టిగా పత్రికలూ నవలలూ చదివి వినిపించేవాడు. మాంటేక్రిస్టో అనే సిగారు పేరు అలా విన్న నవలలోదే. ఉరైయూరు ఇళ్లల్లో అలాంటి వసతి ఎక్కడిది.

దాచడం సంగతికి వస్తాం. అవ్వ చెప్పినది ఇది. ముత్తవ్వ ఆకు కట్టల్ని గోనెలో చుట్టి, నేలకి తగలకుండా చెక్క మీద పెట్టిన మట్టి బానలో ఉంచేది. ఏ ఏటిది ఆ బానలో. వానాకాలంలో విప్పి గాలి తగలనిచ్చేది. చుట్టినవి పదేసి కట్టి చెక్కపెట్టెలో పెట్టి, ఎండాకాలం ఆ పెట్టె మీద తడిగుడ్డ కప్పేది. చుట్టని చెవి దగ్గర నొక్కి చూసేది. చిటపటమంటే ఎండినట్టు, చప్పుడే లేకపోతే తడెక్కువైనట్టు.

మేము తేమ కొలిచే ముల్లు కొన్నాం. గాలి చొరని డబ్బాలో, తడిపిన ఉప్పు పక్కన ఒక రాత్రి ఉంచితే అది 75 చూపించాలి. మాది 69 చూపించింది, అంటే ఆరు తక్కువ. 65 శాతం తేమ నిలిపే ప్యాకెట్లు తెప్పించాం. సిగార్ల పెట్టెకి వాడే స్పానిష్ సెడార్ నిజానికి దేవదారు కాదు, మన వేప కుటుంబం చెట్టు. ఇంత చేసినా 2020 మే నెలలో మూడు సిగార్ల మీద గుండుసూది బెజ్జాలు కనిపించాయి. పొగాకు పురుగు. గుడ్లు ఆకులోనే ఉంటాయి, గది వేడి పాతిక డిగ్రీలు దాటితే పొదుగుతాయి. మా ఊళ్లో పాతిక డిగ్రీలంటే చలి! మూడింటినీ పారేసి, మిగిలినవి సంచిలో మూసి మూడు రోజులు డీప్ ఫ్రీజర్లో, ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచి బయటికి తీశాం. తొందరపడి తీస్తే పై ఆకు పగులుతుంది.

ఆ దీపావళికి ఒకటి కాల్చాం. అదే పెట్టె, అదే సిగారు అంటే నమ్మలేకపోయాం. అమ్మోనియా పోయింది. తడిసిన చెక్క వాసన, చివర్లో కాస్త బెల్లం మాడిన రుచి. పెట్టె అడుగున సిరాతో అచ్చేసిన నెలా ఏడూ ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది. బానల మీద ముత్తవ్వ సుద్దతో గీతలు గీసేదట, ఏటికొకటి.

ఇక్కడ ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ముత్తవ్వ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. అక్కడి ఆడవాళ్లలా ఆమెదీ అడ్డపొగ, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని తాగడం. వంట చేస్తూ, పప్పు రుబ్బుతూ అలాగే గంటలు. ముత్తాత మామూలుగా తాగేవాడు, ఎనభై దాటి బతికాడు. ఆమెకి అంగిట్లో పుండు లేచింది. నోరు కాలిందనుకున్నారు, నెయ్యి రాశారు, ఏడాది గడిచింది. 1961లో పోయింది. అడ్డపొగకీ అంగిలి క్యాన్సరుకీ ఉన్న సంబంధం గురించి ఖనోల్కర్, సూర్యాబాయి అనే వైద్యులు 1945లోనే రాశారు. పదహారేళ్లలో ఆ మాట పొన్మలై రైల్వే క్వార్టర్ల దాకా రాలేదు. పదో రోజు అయ్యాక ముత్తాత మూడు బానలూ వీధిలో పగలగొట్టాడు. ఊరికి జాబు రాశాడు, ఇక ఆకు పంపొద్దని. అవ్వకి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ ఆకు వాసన వారం దాకా వీధిలో ఉందంటుంది.

అందుకే చిన్నాయన ఇప్పటికీ మాతో మిద్దె మీదికి రాడు. మేమూ ఏడాదికి ఒకటి రెండు మించి వెలిగించం. పెట్టెలో పద్నాలుగు మిగిలాయి. నెలకోసారి ముల్లు చూడ్డానికి మూత తీసినప్పుడు అవ్వ పెట్టె దగ్గరికి తెమ్మంటుంది. ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కుతుంది. "కాస్త ఎండింది" అని తిరిగిస్తుంది. ముల్లు చూస్తే 61.