ఆయుధంపై పేరు: యుద్ధరాజ్యాల కాలపు ఛిన్ ప్రభుత్వ కర్మాగారాలు, వాటి పనివారు

చైనాలోని షియాన్ నగర సమీపంలో 1974లో బయల్పడిన మట్టి సైనికుల గోతులలో దొరికిన కంచు ఆయుధాలు కొన్నింటిపై సన్నని గీతలతో చెక్కిన శాసనాలున్నాయి. పొడవైన కర్రకు అడ్డంగా బిగించే ‘గె’ అనే అలుగుపై కన్పించే పేర్ల వరుస గమనింపదగింది. మొదట రాజు పాలనా సంవత్సరం, పిమ్మట మహామంత్రి లూ బువెయ్ పేరు, ఆపై రాజధాని కర్మాగారమైన ‘సిగోంగ్’ అధికారి పేరు, అతని సహాయకుని పేరు, చిట్టచివర ఆయుధాన్ని తయారుచేసిన పనివాని పేరు. ఈ గోతిలోని లూ బువెయ్ శాసనాలు క్రీ.పూ. 244 నుంచి 240 వరకు గల సంవత్సరాలకు చెందినవి. క్రీ.పూ. 237లో అతడు పదవీచ్యుతుడయ్యాడు. తరువాత అదే కర్మాగారంలో తయారైన ‘పీ’ అనే కత్తివంటి బల్లెపు మొనలపై మహామంత్రి పేరు లేదు. పనివాని పేరు మాత్రం యథాస్థానంలో నిలిచి ఉంది.

ఈ చివరి పేరును ఎలా చదవాలి? శిల్పి తన కృతిపై చేసిన సంతకంగా చూసేవారున్నారు. నాణ్యతా నియంత్రణకు తొలి ఉదాహరణగా కొనియాడేవారు అంతకంటె ఎక్కువ. లూ బువెయ్ ఆధ్వర్యంలో సంకలితమైన ‘లూషి చున్‌చ్యూ’ గ్రంథం వస్తువుపై పనివాని పేరు చెక్కాలని విధించి, లోపముంటే దండించాలని కూడా చెబుతుంది. అందువల్ల సంతకమనే వాదానికి తొలి అడుగులోనే ఆధారం సన్నగిల్లుతుంది. ఇది ఛిన్ రాజ్యానికే పరిమితమైన పద్ధతీ కాదు. ప్రత్యర్థి అయిన హాన్ రాజ్యపు రాజధాని షిన్‌జెంగ్‌లో 1971లో బయల్పడిన ఆయుధాలపైనా పాలనాధికారి మొదలు పోతపనివాని వరకు ఇటువంటి అంచెలే కన్పిస్తాయి. ఎడతెగని యుద్ధాల మధ్య ప్రతి రాజ్యమూ తన పోతశాలను తన దండనాధికారపు పరిధిలోకి తెచ్చుకొంది.

ఛిన్ విషయంలో మాత్రం శాసనాల వెనుకనున్న చట్టమే లభించింది. 1975 చివర హూబెయ్ రాష్ట్రంలోని షుయిహూదీ వద్ద 11వ సమాధి నుంచి 1,150కి పైగా వెదురు పలకలు బయటపడ్డాయి. సమాధిలోని వ్యక్తి షీ అనే స్థానికాధికారి. అతని జీవితవృత్తాంతపు పట్టిక క్రీ.పూ. 217తో ఆగిపోతుంది. అతడు వెంట తీసుకుపోయిన చట్టాలలో పనివారికి సంబంధించినవి కొన్నే అయినా వాటి నిర్దిష్టత అబ్బురపరుస్తుంది. ఒకే రకపు వస్తువులు పొడవు వెడల్పులలో సమానంగా ఉండాలి. ప్రభుత్వ ఆయుధాలపై కార్యాలయం పేరు చెక్కాలి, చెక్క వీలుకానివాటిపై లక్కతోనో ఇంగిలీకంతోనో రాయాలి. కొత్త పనివాడు మొదటి ఏడు సగం పని చూపాలి, రెండో ఏట పాతవారితో సమానం కావాలి. చలికాలపు మూడు రోజుల పని వేసవిలో రెండు రోజుల పనికి సమానం. సూదిపనిలో స్త్రీ ఒకతె పురుషునితో సమానం, ఇతరమైన పనులలో కాదు. నైపుణ్యమున్న దాసుణ్ణి వంటవానిగా, పరిచారకునిగా వాడరాదు. ఈ చివరి నియమాన్ని దయగా పొరబడరాదు. నైపుణ్యం ఇక్కడ రాజ్యపు ఆస్తి, దానిని వృథా చేయడమే నేరం.

దండనల లెక్క మరింత స్పష్టంగా ఉంటుంది. వార్షిక పరీక్షలో ఒక కర్మాగారం అధమంగా తేలితే దాని పెద్దకు ఒక కవచం, సహాయకునికి, ముఠా నాయకునికి ఒక్కొక్క డాలు జరిమానా. సామాన్య పనివారు కవచపు తాళ్లు ఇరవై చెల్లించాలి. వరుసగా మూడేళ్లు అధమమైతే ఈ శిక్షలు పెరుగుతాయి. ‘కవచం’, ‘డాలు’ అనేవి వాస్తవంలో ధనపు కొలతలు. యుయెలు పలకలు ఒక కవచానికి 1,344 నాణేలు, ఒక డాలుకు 384 నాణేలు విలువ కడతాయి. జరిమానా చెల్లించలేనివాడు రోజుకు 8 నాణేల చొప్పున ప్రభుత్వానికి పనిచేసి తీర్చుకోవాలని, తిండి ప్రభుత్వానిదైతే 6 నాణేలే లెక్కించాలని షుయిహూదీ చట్టం. ఈ రెండు పత్రాలను కలిపి చదివితే ముఠా నాయకుని డాలు నలభై ఎనిమిది రోజుల చాకిరీ, కర్మాగారపు పెద్ద కవచం నూట అరవై ఎనిమిది రోజుల చాకిరీ అవుతాయి. తిండి కూడా ప్రభుత్వానిదే అయితే అవి వరుసగా అరవై నాలుగు, రెండువందల ఇరవై నాలుగు రోజులు. ఆయుధంపై చెక్కిన పేరు ఆ రోజులు ఎవరి ఖాతాలో పడాలో చెప్పే గుర్తు.

ఉత్తర సరిహద్దులోని షాంగ్‌జ్యున్ మండలంలో తయారైన ఆయుధాలు ఈ విషయాన్ని మరో మెట్టు ముందుకు తీసుకెళ్తాయి. ఛిన్ రాజు జావోషియాంగ్ (క్రీ.పూ. 306–251) కాలపు శాసనాలలో పనివాని పేరుకు ముందు అతని స్థితి కూడా ఉంటుంది: ‘లీచెన్’ అంటే ప్రభుత్వ దాసుడు, ‘చెంగ్‌దాన్’ అంటే గోడలు కట్టే శిక్ష పడినవాడు, ‘గుయ్‌షిన్’ అంటే కట్టెలు కొట్టే శిక్ష పడినవాడు. క్రీ.పూ. 260 నాటి చాంగ్‌పింగ్ యుద్ధం కోసం ఒక మండలంలో పదిహేనేళ్లు పైబడినవారినందరినీ సమీకరించినట్లు సీమా చియెన్ చెబుతాడు. స్వతంత్రులను యుద్ధభూమి ఇంతగా కోరుతున్నప్పుడు పోతశాలను శిక్షితులతో నింపడం అనివార్యమై ఉండవచ్చు. కౌటిలీయ అర్థశాస్త్రం ఆయుధాగారాధ్యక్షుని విధులలో పని పరిమాణం, గడువులతోపాటు వేతనాన్నీ పేర్కొంటుంది. ఛిన్ చట్టంలో ప్రభుత్వపు పనిలోని లీచెన్‌కు దక్కేది నెలకు రెండు ‘షి’ల ధాన్యం, దాసికి ఒకటిన్నర.

విముక్తి మార్గం లేకపోలేదు. యుద్ధంలో శత్రువు తల తెచ్చినందుకు దాస్యం తొలగిన పనివాడుంటే అతడు పనివానిగానే కొనసాగాలని సైనిక పదవుల చట్టం ఆదేశిస్తుంది. శిక్షలో అంగచ్ఛేదం జరిగినవాడైతే జనానికి కనబడని కార్యాలయంలో అదే పని చేయాలి. స్థితి మారినా కొలిమి మారదు.

ఇటీవలి శాస్త్రీయ పరీక్షలు ఈ వ్యవస్థను వేరొక భాషలో వర్ణించాయి. గోతులలోని సుమారు 40,000 కంచు బాణపు మొనలు నూరేసి చొప్పున కట్టలుగా ఉండేవి. ఒక కట్టలోని మొనల లోహమిశ్రమం ఒకేలా ఉండి, మరో కట్టతో పోల్చితే భిన్నంగా ఉందని లండన్, షియాన్ పరిశోధకులు తేల్చారు. ఒక్కొక్క ముఠా ఒక్కొక్క కట్టను ఆసాంతం తయారుచేసేదని దీని భావం. దీనిని ఆధునిక కార్ల కర్మాగారాల పద్ధతితో పోల్చడం జరిగింది. పని అమరిక వరకు ఆ పోలిక ఉపయోగపడుతుంది. కాని శాసనాలను, చట్టాన్ని పక్కనపెట్టి దానిని అంగీకరిస్తే ముఠాలోని మనుషులు ఎవరన్న ప్రశ్న జారిపోతుంది. ఆయుధాలకు తుప్పు పట్టకుండా క్రోమియం పూత వేశారన్న ప్రసిద్ధ కథకు 2019లో పట్టిన గతి ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఆ క్రోమియం పక్కనున్న లక్కనుంచి వచ్చిందని తేలింది.

ప్రభుత్వం ఏది తయారుచేయలేదో కూడా షుయిహూదీ చెబుతుంది. అక్కడి 4వ సమాధిలో హేయ్‌ఫూ, జింగ్ అనే సోదర సైనికులు యుద్ధభూమి నుంచి ఇంటికి రాసిన చెక్కపలకల ఉత్తరాలు దొరికాయి. ఊరిలో బట్ట చౌకగా ఉంటే వేసవి దుస్తులు కుట్టి పంపమని, లేకుంటే డబ్బే పంపమని హేయ్‌ఫూ తల్లిని వేడుకొంటాడు. చేతిలోని ఆయుధానికి నాలుగు అంచెల లెక్క ఉంది. ఒంటిమీది గుడ్డ తల్లి బాధ్యత.

క్రీ.పూ. 221లో ఏకీకరణ పూర్తికాగానే దేశంలోని ఆయుధాలను షియెన్‌యాంగ్‌కు తెప్పించి, కరిగించి, పన్నెండు లోహవిగ్రహాలు పోయించారు. పన్నెండేళ్లు తిరగకుండానే, క్రీ.పూ. 209లో తిరుగుబాటు చెలరేగింది. చలికాలానికి తిరుగుబాటు సేన రాజధాని దరికి చేరింది. దగ్గరి మండలాల నుంచి సైన్యాన్ని రప్పించే వ్యవధి లేదని, లీషాన్ సమాధి పనిలోని శిక్షితులు అసంఖ్యాకంగా ఉన్నారని, వారిని క్షమించి ఆయుధాలివ్వాలని రెండో చక్రవర్తికి సూచించినవాడు జాంగ్ హాన్. అప్పటికి అతని పదవి ‘షావోఫూ’. రాజప్రాసాదపు కర్మాగారాలు ఆ కార్యాలయం కిందివే. లూ బువెయ్ కాలపు ఆయుధాలు కొన్నింటిపై దాని పేరు కూడా ఉంది.