రియాక్టరు పాత్ర ఆధార నిర్మాణం

అణు విద్యుత్కేంద్రంలో రియాక్టరు పాత్రను మోస్తూ, దానిని నియమిత స్థానంలో నిలిపి ఉంచే ఉక్కు, కాంక్రీటు నిర్మాణాలను రియాక్టరు పాత్ర ఆధార నిర్మాణం అంటారు. రియాక్టరు పాత్ర అనగా అణు ఇంధనాన్ని, దానిని చల్లబరచే ద్రవాన్ని తనలో ఇముడ్చుకొన్న లోహపు పాత్ర. పెద్ద విద్యుత్కేంద్రాలలో దీని బరువు కొన్ని వందల టన్నులు ఉంటుంది. ఈ భారాన్ని పునాదికి చేర్చడం, వేడికి పాత్ర వ్యాకోచించడానికి వీలు కల్పించడం, భూకంప సమయంలో పాత్ర స్థానం తప్పకుండా చూడడం ఈ నిర్మాణపు ముఖ్య విధులు.

రూపకల్పనలోని సమస్య

పీడన జల రియాక్టరు పాత్రలోని నీరు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద, సాధారణ వాతావరణ పీడనానికి 150 రెట్లకు పైబడిన పీడనంతో ఉంటుంది. పాత్రను అమర్చేటప్పుడు మాత్రం అది గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. ఈ లెక్కన కేంద్రం నుండి 3 మీటర్ల దూరంలో ఉన్న ఆధార స్థానం, ఉష్ణోగ్రత 270 డిగ్రీలు పెరిగినప్పుడు, దాదాపు 10 మిల్లీమీటర్లు వెలుపలికి జరుగుతుంది. ఈ కదలికను పూర్తిగా అడ్డుకుంటే పాత్రలోను, ఆధారంలోను తీవ్రమైన ప్రతిబలాలు ఏర్పడతాయి. పాత్రను పూర్తిగా స్వేచ్ఛగా వదిలితే భూకంపం వచ్చినప్పుడు అది పక్కకు జరిగి, దానికి అతికిన గొట్టాలు తెగే ప్రమాదం ఉంది.

ఈ రెండు అవసరాలను ఏకకాలంలో తీర్చడానికి ఆధారాలను పాత్ర చుట్టూ సమానంగా అమర్చి, ప్రతి ఆధారం వద్దా పాత్ర కేంద్రం నుండి వెలుపలికి జారడానికి మాత్రమే వీలు ఇస్తారు. చుట్టుకొలత దిశలో కదలికను అడ్డుకుంటారు. అందువలన పాత్ర అన్ని వైపులకూ సమంగా వ్యాకోచించినా దాని కేంద్రం మారదు.

పాత్ర నుండి వచ్చే వేడి కాంక్రీటుకు చేరకుండా చూడడం మరొక ముఖ్యాంశం. అధిక ఉష్ణోగ్రతకు దీర్ఘకాలం గురైన కాంక్రీటు బలహీనపడుతుంది. అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం నియమావళి ప్రకారం, సాధారణ పరిస్థితులలో కాంక్రీటు ఉష్ణోగ్రత 65 డిగ్రీలను, కొన్ని పరిమిత ప్రదేశాలలో 93 డిగ్రీలను మించరాదు. ఇందుకై ఆధారాలను గాలితో గాని, నీటితో గాని చల్లబరుస్తారు.

రకాలు

నాజిల్ ఆధారాలు: పాత్రకు గొట్టాలు అతికే మందపాటి భాగాలను నాజిళ్ళు అంటారు. అనేక పీడన జల రియాక్టర్లలో వీటి అడుగున ఉన్న దిమ్మలే పాత్రను మోస్తాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకు ప్రతిపాదించిన ఏపీ1000 రియాక్టరు ఈ తరగతికి చెందినది. దీనిలో నీరు లోనికి వచ్చే నాలుగు నాజిళ్ళ క్రింద ఆధారాలు ఉంటాయి.

స్కర్టు ఆధారం: మరిగే నీటి రియాక్టర్లలో పాత్ర అడుగుభాగానికి గుండ్రని ఉక్కు స్కర్టును అతికి, దానిని కాంక్రీటు పీఠంపై నిలుపుతారు.

వలయ ఆధారం: కూడంకుళంలోని వి.వి.ఇ.ఆర్. రియాక్టర్లలో పాత్ర వెలుపలి గోడకు ఉన్న అంచు ఒక ఆధార వలయంపై కూర్చుంటుంది.

వేలాడే పాత్ర: కల్పాక్కంలోని ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టరు ప్రధాన పాత్ర వ్యాసం సుమారు 12.9 మీటర్లు. ఇది పైకప్పు దిమ్మె నుండి క్రిందికి వేలాడుతూ, వేడెక్కినప్పుడు క్రిందికి స్వేచ్ఛగా సాగుతుంది. ద్రవ సోడియం పీడనం తక్కువ కనుక పాత్ర గోడ పలుచగా ఉంటుంది. అందువలన భూకంప విశ్లేషణకు ఇక్కడ ప్రాధాన్యత ఎక్కువ.

గొట్టం పగిలినప్పటి బలాలు

పాత్రకు సమీపంలో పెద్ద గొట్టం అకస్మాత్తుగా పగిలితే, పాత్రకు ఒక ప్రక్కన పీడనం మారి, దానిని పక్కకు నెట్టే బలం ఏర్పడుతుంది. తొలి రూపకల్పనలలో ఈ అసమాన బలాన్ని తగినంతగా లెక్కించలేదని 1975లో అమెరికాలో వెల్లడైంది. దానితో అనేక కేంద్రాల ఆధారాలను పునఃపరిశీలించవలసి వచ్చింది. దృఢమైన గొట్టం ఒక్కసారిగా తెగిపోవడానికి ముందు, గుర్తించదగిన విధంగా కారుతుందనే సూత్రాన్ని తరువాత విశ్లేషణలతో నిరూపించారు. దీని ఆధారంగా 1980ల ద్వితీయార్ధంలో అమెరికా నియంత్రణ సంస్థ తన నిబంధనలను సవరించింది.

వికిరణ ప్రభావం

న్యూట్రాన్లు తాకిడి వలన ఉక్కు క్రమంగా పెళుసుబారుతుంది. పాత్ర గోడ వేడిగా ఉండడం వలన దానిలో ఏర్పడిన లోపాలు కొంతవరకు సరిపడతాయి. ఆధారాలు చల్లగా ఉంటాయి కనుక వాటికి ఆ వెసులుబాటు తక్కువ. ఓక్ రిడ్జ్‌లోని హై ఫ్లక్స్ ఐసోటోప్ రియాక్టరు పాత్ర ఊహించినదాని కంటే త్వరగా పెళుసుబారుతున్నట్లు 1986లో తేలింది. తక్కువ ఉష్ణోగ్రతలో పనిచేసే ఆధారాలపై కూడా ఈ ఫలితం సందేహాలు రేపింది. వాటి భద్రతను అంచనా వేసే పద్ధతులను 1990లలో రూపొందించారు. ఆధారాలను మార్చడం చాలా కష్టం కనుక, పాత కేంద్రాల ఆయుష్షు పొడిగించేటప్పుడు ఈ పరిశీలన ముఖ్యమైనది.

ఫుకుషిమా అనుభవం

2011 మార్చి ప్రమాదంలో ఫుకుషిమా దైచి 1వ యూనిట్ ఇంధనం కరిగి, పాత్ర అడుగును దాటి పీఠం లోపల పడింది. 2023 మార్చిలో నీటిలో నడిచే రోబో తీసిన చిత్రాలలో, పీఠం లోపలి గోడ క్రిందిభాగాన కాంక్రీటు పోయి ఇనుప కడ్డీలు బయటపడి కనిపించాయి. పీఠం పాత్రను మోయలేని స్థితి వస్తే కలిగే పరిణామాలను అంచనా వేయవలసిందిగా జపాన్ నియంత్రణ సంస్థ యాజమాన్యాన్ని ఆదేశించింది. రియాక్టరు ఆగిపోయి, విద్యుదుత్పత్తి నిలిచిపోయిన తరువాత కూడా, పాత్రను పూర్తిగా తొలగించేంత వరకు ఆధారాల బాధ్యత ముగియదని ఈ సంఘటన తెలుపుతున్నది.