పరిధీయ నాడుల గాయాలు - శస్త్రచికిత్సకు తగిన సమయం

మెదడు, వెన్నుపాముల నుండి బయలుదేరి కండరాలకు, చర్మానికి చేరే నాడులను పరిధీయ నాడులు అంటారు. ఇవి కత్తి, గాజు, యంత్రాల వలన తెగవచ్చు. ఎముకలు విరిగినపుడు నలగవచ్చు. వాహన ప్రమాదాలలో సాగిపోవచ్చు. అప్పుడు ఆ నాడికి చెందిన కండరాలు చచ్చుబడతాయి, చర్మం స్పర్శను కోల్పోతుంది. నాడిని కలిపే శస్త్రచికిత్స ఫలితం, దానిని ఎప్పుడు చేశారన్న విషయంపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

కాలానికి గల ప్రాముఖ్యం

నాడి తెగినపుడు, తెగిన చోటుకు అవతలి భాగంలోని తంత్రికాక్షాలు (ఆక్సాన్లు) కొద్ది రోజులలో క్షీణిస్తాయి. అగస్టస్ వాలర్ 1850లో కప్ప నాలుక నాడులలో దీనిని గమనించి వర్ణించాడు. ఇవతలి భాగం నుండి తంత్రికాక్షాలు మరల పెరుగుతాయి. కాని ఆ పెరుగుదల రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే. మరొకవైపు, నాడీసంబంధం లేని కండరం క్రమంగా కృశించి, సుమారు 12 నుండి 18 నెలలలో కోలుకునే శక్తిని కోల్పోతుంది.

ఉదాహరణకు, మోచేతి వద్ద అల్నార్ నాడి తెగిందనుకుందాం. అక్కడి నుండి అరచేతి కండరాలకు 30 సెంటీమీటర్ల దూరముంటే, తంత్రికాక్షాలు అక్కడికి చేరడానికి దాదాపు 10 నెలలు పడుతుంది. వెంటనే కలిపితే అవి గడువులోపల చేరవచ్చు. 8 నెలలు ఆలస్యమైతే మొత్తం 18 నెలలవుతుంది. నాడి చేరినా కండరం పనిచేయకపోవచ్చు.

గాయాలలో రకాలు

హెర్బర్ట్ సెడాన్ 1943లో ఈ గాయాలను మూడు రకాలుగా విభజించాడు.

* న్యూరాప్రాక్సియా: నాడి తెగదు, సంకేతాలు తాత్కాలికంగా ఆగిపోతాయి. తనంతట తానే నయమవుతుంది.
* ఆక్సానోట్‌మెసిస్: తంత్రికాక్షాలు తెగినా వాటి చుట్టూ ఉన్న తొడుగులు నిలిచి ఉంటాయి. చాలావరకు నిదానంగా కోలుకుంటుంది.
* న్యూరోట్‌మెసిస్: నాడి పూర్తిగా తెగుతుంది. శస్త్రచికిత్స లేనిదే నయం కాదు.

సిడ్నీ సండర్‌లాండ్ 1951లో దీనిని విస్తరించి ఐదు స్థాయిలుగా వర్గీకరించాడు.

శస్త్రచికిత్స ఎప్పుడు?

పదునైన వస్తువుతో శుభ్రంగా తెగిన నాడిని వీలైనంతవరకు మొదటి 3 రోజులలోనే కలుపుతారు. అప్పటికి తెగిన కొనలు ముడుచుకుపోవు కనుక లాగకుండా కుట్టవచ్చు.

నలిగి చిరిగిన గాయంలో నాడి ఎంతవరకు చెడిపోయిందో మొదట తెలియదు. అందుచేత సుమారు 3 వారాలు ఆగి, చెడిన భాగాన్ని తొలగించి కలుపుతారు. మధ్యలో ఖాళీ మిగిలితే కాలి పిక్క వెనుకనున్న సూరల్ నాడి ముక్కను అతుకుతారు.

చర్మం తెగని గాయాలలో సాధారణంగా 3 నెలల వరకు వేచి చూస్తారు. దండచేయి ఎముక విరిగి రేడియల్ నాడి దెబ్బతిన్నవారిలో ఎక్కువమంది శస్త్రచికిత్స లేకుండానే కోలుకుంటారు. ఈ కాలంలో వైద్య పరీక్షలతోను, ఎలెక్ట్రోమయోగ్రఫీతోను గమనిస్తూ ఉంటారు. కోలుకునే సూచనలు లేకపోతే 3 నుండి 6 నెలల మధ్య శస్త్రచికిత్స చేస్తారు. వేచి ఉండడమంటే పరీక్షలు మానివేయడం కాదు.

ఆలస్యమైనపుడు

దెబ్బతిన్న చోటు కండరానికి చాలా దూరమైతే, దగ్గరలోని ఆరోగ్యవంతమైన నాడి నుండి కొన్ని పోగులను కండరపు నాడికి కలుపుతారు. మోచేతిని వంచే కండరానికి ఇటువంటి పద్ధతిని క్రిస్టోఫ్ ఒబెర్లిన్ 1994లో వివరించాడు. కండరం పూర్తిగా కృశించినపుడు, పనిచేసే మరొక కండరపు స్నాయువును మార్చి అమర్చడం వలన కొంత కదలిక వస్తుంది.

చర్మంపై చిన్న గాటు ఉన్నా లోపల నాడి పూర్తిగా తెగి ఉండవచ్చు. అందుచేత చేతికి, కాలికి లోతైన గాయమైనపుడు కుట్లు వేయడానికి ముందే వేళ్ల స్పర్శను, కదలికను పరీక్షించడం అవసరం.