రుద్రేశ్వరుడు, రామప్ప, ఆకాశచంద్రులు

ఓరుగల్లు సీమలోని పాలంపేటయందు, కాకతీయ గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో ఆలయమును కట్టించి, అందు ప్రతిష్ఠించిన స్వామికి తన పేరు కలియునట్లు రుద్రేశ్వరుడని నామమిడెను; శాసనము నేటికిని ఆ మాటనే పలుకుచున్నది. దేవునికి తమ పేరునో తల్లిదండ్రుల పేరునో చేర్చుట ఆనాటి దాతల ఆచారము. అయినను జనులు ఆ గుడిని, దానిని మలచిన శిల్పియని తాము నమ్మిన రామప్ప పేరనే తరతరములుగా పిలిచిరి. చెంతనున్న చెరువును రామప్ప చెరువే యైనది. దాతకంటె పనివానిని ముందు తలచిన ఆ జనుల వివేకమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును.

ఆకాశమునందును ఇట్టి కథయే కలదు. 1610లో గెలీలియో బృహస్పతి చుట్టు కనుగొన్న నాలుగు చంద్రులకు మెడీచీ ప్రభువుల వంశనామమును పెట్టగా, 1614లో సైమన్ మారియస్ ప్రకటించిన ఐయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో అను గ్రీకు పురాణనామములే తుదకు నిలిచినవి. నేడు క్రొత్త చంద్రునికి మొదట సంవత్సరముతో కూడిన తాత్కాలిక సంకేతమే లభించును. కక్ష్య స్థిరపడిన పిమ్మట కనుగొన్నవారు పేరు సూచింపగా, 1919లో ఏర్పడిన అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య వారి సంఘము దానిని పరిశీలించి ఆమోదించును. యురేనస్ చంద్రులకు షేక్స్పియర్, పోప్ అను కవుల కావ్యపాత్రల పేర్లే చెల్లును.

పాలంపేట గుడికిని అట్టి సభ యొకటి పేరు వ్రాసినది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ పట్టికయందు దానిని కాకతీయ రుద్రేశ్వరాలయమని లిఖించి, రామప్ప పేరును కుండలీకరణములలో నుంచెను. శాసనమునకు ఆ గౌరవము న్యాయమే. కాని దారి యడుగు బాటసారికి ఆ సీమవారు నేటికిని రామప్ప గుడి యనియే చెప్పుదురు.