కచేరీ ఎంత దూరం?

నందికొట్కూరు ఉన్నచోటనే ఉంది. మారుతూ వచ్చినవి దాని పైనున్న కచేరీలు. పాలనా విభాగాల చరిత్రను పటం మీది గీతల చరిత్రగా చదువుకుంటాము. అర్జీ పట్టుకొని బయలుదేరే రైతుకు మాత్రం అది దూరాల చరిత్ర. ఈ ఒక్క ఊరినే తీసుకొని చూద్దాము.

1800లో నిజాము కంపెనీకి దత్తం చేసిన బళ్ళారి, కడప సీమలు థామస్ మన్రో ఏలుబడిలోకి వచ్చాయి. కర్నూలు సీమ మాత్రం కంపెనీకి పేష్కషు చెల్లిస్తూ నవాబు చేతిలోనే ఉండిపోయింది. 1839లో కంపెనీ వారు నవాబు గులాం రసూల్ ఖానును తొలగించారు. 1858లో ఆ సీమకు కడప నుండి కంభం, మార్కాపురం, కోవెలకుంట్ల తాలూకాలను, బళ్ళారి నుండి పత్తికొండను చేర్చి కర్నూలు జిల్లాను కూర్చారు. అందులో నందికొట్కూరు ఒక తాలూకా. జిల్లాకు కలెక్టరు, తాలూకాకు తహశీల్దారు, గ్రామానికి మునసబు, కరణం. శిస్తు పైకి వెళ్ళినా, హుకుము కిందికి దిగినా ఈ మెట్ల మీదనే.

1984లో మునసబు, కరణాల పదవులు రద్దయ్యాయి. మరుసటి ఏడు ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలను, ఫిర్కాలను తీసివేసి మండలాలను ఏర్పరచింది. మిడుతూరు, పగిడ్యాల, జూపాడు బంగ్లాలకు సొంత మండల కార్యాలయాలు వచ్చాయి. నందికొట్కూరుకు తాలూకా కేంద్రమన్న పెద్దరికం పోయింది; పల్లెవానికి దారి తగ్గింది. అది మంచి బేరమే.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గమే ప్రాతిపదిక కనుక నందికొట్కూరు కొత్త నంద్యాల జిల్లాలోకి, ఆత్మకూరు రెవెన్యూ డివిజనులోకి వెళ్ళింది. ఇక్కడికి కర్నూలు సుమారు 30 కిలోమీటర్లు. నంద్యాల దానికి దాదాపు రెట్టింపు. జిల్లా చిన్నదయింది, కలెక్టరు కచేరీ దూరమయింది!

ప్రాతిపదికను సడలించరాదా అంటే, సడలించిన ఉదాహరణ పక్కనే ఉంది. నంద్యాల లోక్‌సభ స్థానం కిందనే ఉన్న కల్లూరు, ఓర్వకల్లు మండలాలను కర్నూలు నగరానికి దగ్గరని కర్నూలు జిల్లాలోనే ఉంచారు.

నియోజకవర్గపు గీత ఓటర్లను లెక్క చూసి పంచడానికి గీసినది. జిల్లా గీత అర్జీదారు కోసం గీయవలసినది. మొదటిదాన్ని రెండవదానికి కొలబద్దగా వాడినప్పుడు ఆ తేడాను బస్సు ఛార్జీ రూపంలో చెల్లించేది నందికొట్కూరు వంటి ఊళ్ళే. మండలాలు వచ్చినప్పుడు వేసుకున్న ప్రశ్ననే జిల్లాలకూ వేసుకొని ఉండవలసింది: ఉదయం బయలుదేరిన మనిషి పని ముగించుకొని పొద్దుగూకేలోగా ఇల్లు చేరగలడా?